మా కృష్ణుడి ట్రయల్ బట్టలు

తిరుపతి మొత్తం మీద మా ఇంటి కృష్ణుడికి ఉన్నన్ని బట్టలు ఇంకే ఇంటి దేవుడికీ లేవని నేను పందెం కాస్తాను. జానెడు ఎత్తు కూడా లేని ఇత్తడి విగ్రహం. ఆయనకు ఇరవై మూడు పంచెలు, ఇరవై మూడు ఉత్తరీయాలు. ఎరుపులోనే నాలుగు రకాలు. నెమలికంఠం రంగు ఒకటి, చిలకపచ్చ ఒకటి, ఏ రంగో నాకే తెలియనిది ఒకటి. మా ఇంటికి వచ్చినవాళ్లు ఆ డబ్బా తెరిచి చూసి, ఎంత భక్తో అని నాకు దండం పెట్టబోతారు. అది భక్తి కాదు, భయం. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

నేను దేవుళ్ల బట్టలు కుడతాను. గుడుల్లో ఉండే పెద్ద విగ్రహాలకు కాదు. ఇళ్లల్లో పూజగూట్లో పెట్టుకునే బెత్తెడు, జానెడు సాములకు. సాములకైతే పంచె, ఉత్తరీయం, అమ్మవార్లకైతే పావడ, పైట. కుచ్చిళ్లు ముందే పెట్టి కుట్టేసి, వెనకాల దారంతో ముడి వేసుకునేలా తయారుచేస్తాం. కొండకు వచ్చినవాళ్లు తిరిగి పోయేటప్పుడు కొనుక్కుపోతారు. గోవిందరాజుల గుడి దగ్గర ఒక అంగడికి పద్నాలుగేళ్లు కుట్టి ఇచ్చాను. నా చేతి కుచ్చిళ్లంటే అంగడాయనకు గురి. కానీ బయటి ఊళ్ల నుంచి మెషిన్ మీద కోసి కుట్టిన బట్టలు బస్తాలకు బస్తాలు దిగడం మొదలయ్యాక నా కుచ్చిళ్లతో పని తగ్గింది. ఒక శివరాత్రి ముందు ఆయన మొహమాటపడుతూ, "ఇంగమీద పండగలప్పుడు మాత్రం చెప్పి పంపిస్తాలే మా" అన్నాడు. రోజూ రావద్దని దానర్థం. ఆయన తప్పేమీ లేదు. నేను మాత్రం ఇంటికొచ్చి, మురికి లేని గ్యాస్ పొయ్యిని తుడిచిందే తుడుస్తూ ఏడ్చాను.

మా ఆయన రేణిగుంటలో ఒక గోడౌన్‌లో సూపర్‌వైజరు. ఈ దేశంలో అట్టపెట్టెలన్నీ తన చేతుల మీదుగానే పోతాయన్నట్టు మాట్లాడతాడు. ఆ సాయంత్రం నా మొహం చూసి, "జనం సీపురుకట్టలు గూడా ఫోన్లో కొంటాండారు మే. సామి బట్టలు కొనరా? నువ్వే పెట్టు అంగడి, ఫోన్లో" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. వీడియోలు చూసి పేజీ తయారుచేయడం నేర్చుకున్నాను. ఫోటోలు ఎలా తీయాలో, వాటి కింద ఏం రాయాలో, పార్సిల్ ఎలా కట్టాలో అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఉగాదికల్లా పేజీ సిద్ధం. అందరికీ కనిపించేలా చేసే బటన్ ఒక్కటి నొక్కడమే మిగిలింది. దాని మీదికి వేలు తీసుకుపోయి, వెనక్కి తీసుకుని, మళ్లీ తీసుకుపోయి, అలా ఆషాఢం దాకా లాక్కొచ్చాను.

ఎందుకు ఆగావని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఎప్పుడూ ఒక కారణం ఉండేది. పేజీకి పెట్టిన పేరు పొద్దున బాగుండేది, సాయంత్రానికి రొట్టెల అంగడి పేరులా వినిపించేది. ఫోటోలకు తెల్ల దుప్పటి పరిస్తే ఆసుపత్రిలా ఉంది. అరిటాకు పరిస్తే బట్టలు వడ్డించినట్టు ఉంది. మిద్దె మీద పొద్దుటి ఎండలో తీస్తే ఒక్కటి అద్భుతంగా వచ్చింది కానీ వెనకాల పక్కింటాయన లుంగీ ఆరేసి ఉంది. ఇక బట్ట గురించి రాయడం ఇంకో తలనొప్పి. నేను వాడేది అసలు పట్టు కాదు. "పట్టు లాంటిది" అని రాస్తే మోసం చేస్తున్నట్టు, "పట్టు కాదు" అని రాస్తే వచ్చినవాళ్లతో తగాదాకు దిగినట్టు ఉండేది. ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు కొట్టేసి రాశానో లెక్కలేదు.

నిజానికి ఇవన్నీ సాకులు. అసలు జబ్బు కుట్టులో ఉంది. కుచ్చిళ్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నా, జరీ అంచు ఒక పోగు పక్కకు జరిగిందని నాకు అనిపించేది. మా ఆయనకు చూపిస్తే, కళ్లజోడు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని, "యాడ?" అనేవాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండేది.

ఈ జబ్బు నాకు మా నాయన నుంచి వచ్చింది. ఆయన చిత్తూరు సంతపేటలో టైలరు. ఆడవాళ్ల జాకెట్లు కుట్టేవాడు. ఒక పెళ్లికూతురి జాకెట్టు చంక దగ్గర రవ్వంత లాగుతోందని మూడుసార్లు విప్పి, ముహూర్తం పొద్దున ఆ పిల్ల మేనమామ వచ్చి గుమ్మంలో నిలబడితే గానీ ఇవ్వలేదు. పండగ బట్టలు చాలామందికి పండగ మరుసటి రోజు అందేవి. జనం తిట్టుకుంటూనే మళ్లీ వచ్చేవాళ్లు, ఎందుకంటే ఆయన కుట్టిన జాకెట్టు ఒంటి మీద ఉన్నట్టే తెలియదు. నాకు పదేళ్లప్పుడు మెషిన్ దగ్గర కూర్చోబెట్టాడు. ఒక్కనాడూ తిట్టలేదు, చెయ్యెత్తలేదు. నేను కుట్టింది వెలుగుకు ఎత్తి పట్టి చూసి, ఒకే ఒక్క మాట అనేవాడు. "ఇప్పు." విప్పేదాన్ని. మళ్లీ కుట్టేదాన్ని. మళ్లీ "ఇప్పు."

అంత పనిమంతుడి కూతురినైన నాకు ఒంటికి సరిపోయిన పావడ ఒక్కటీ లేదు. ఇది నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న కోపం. ఊళ్లోవాళ్ల పిల్లలకు అచ్చు పోసినట్టు కుట్టేవాడు. నాకు మాత్రం పాదాల కింద పడేంత పొడుగు కుట్టి, కింద రెండు మడతలు, నడుము దగ్గర ఒక మడత పెట్టేవాడు. ఏడాదికి ఒక మడత విప్పేవాడు. విప్పిన చోట లోపల దాగిన బట్ట కొత్త రంగులో ఉండేది, పైన ఉన్నది వెలిసిపోయి ఉండేది. నేను ఎన్నో తరగతిలో ఉన్నానో నా పావడ అంచు చూసి చెప్పేయొచ్చు. "బడి ఊడ్చేదానికి ఆయమ్మ ఎందుకు, నీ పావడ సాలు గదా" అని పిల్లలు ఏడిపించేవాళ్లు. ప్రార్థనలో నిలబడడానికి పోతూ రెండుసార్లు బోర్లా పడ్డాను. ఊరందరి మీద ఉన్న శ్రద్ధ నా మీద లేదని అనుకునేదాన్ని.

అమ్మ పోయాక నాయన మా ఇంటికి వచ్చేశాడు. అప్పటికే ఆయన చేతులు వణుకుతున్నాయి. వచ్చిన కొత్తలో ఒక దిండు గలేబు కుడతానని కూర్చున్నాడు. కుట్టు తిన్నగా రాలేదు. పాము పోయినట్టు పోయింది. దాన్ని వెలుగుకు ఎత్తి చూసుకున్నాడు. తనకు తానే "ఇప్పు" అని చెప్పుకున్నట్టు మెల్లగా విప్పేసి, మెషిన్ మీద గుడ్డ కప్పాడు. "ఇంగ నువ్వు వాడుకో అమ్మణ్ణీ" అన్నాడు. ఆ తర్వాత ఆయన మెషిన్ ముట్టుకోలేదు. ముందు గదిలో మంచం మీద కూర్చుని, దాని మీద నేను కుట్టేది వింటూ ఉంటాడు. చప్పుడును బట్టి దారం బిగువు ఎక్కువైందో తక్కువైందో అక్కడి నుంచే చెప్పేస్తాడు.

ఇక ట్రయల్ సంగతి. అంగడిలో పనిచేసేటప్పుడు వడ్రంగి చెక్కిన కట్టెబొమ్మలు ఉండేవి, వేలెడు నుంచి మూరెడు దాకా. కుట్టిన బట్టను వాటికి కట్టి చూసి, సరిపోయిందనుకుంటే మడిచి సంచీలో పెట్టేవాళ్లం. ఇంట్లో నాకు అలాంటి బొమ్మ లేదు. మా పూజగూట్లో కృష్ణుడు ఉన్నాడు. చాలా ఇళ్లల్లో ఉండే సైజే. అందుకని పొద్దున్నే స్నానం చేసి, నిన్నటి పూలు తీసేసి, కొత్త పూలు పెట్టే లోపల, కుట్టిన పంచె ఆయనకు కట్టి, ఉత్తరీయం వేసి, రెండడుగులు వెనక్కి జరిగి చూసేదాన్ని. అప్పటికి దీపం వెలిగించలేదు కాబట్టి అది పూజ కిందికి రాదని నాకు నేనే ఒక చట్టం రాసుకున్నాను. చూసిన ప్రతిసారీ ఏదో ఒక లోపం. విప్పి డబ్బాలో పెట్టి, ఆ లోపం లేకుండా ఇంకోటి కుట్టేదాన్ని. దాంట్లో కొత్త లోపం బయటపడేది. అలా ఇరవై మూడయ్యాయి.

ఆడికృత్తిక పండగకు సుబ్రహ్మణ్యస్వామి కావళ్లెత్తుకుని తిరుత్తణికి పోయేవాళ్లు మా వీధిలో కనబడే రోజులవి. మా ఆయన అన్నం తింటూ మెల్లగా చెప్పాడు. గోడౌన్‌లో ప్యాకింగ్ బల్ల మీదికి ఆడవాళ్లను తీసుకుంటున్నారట. "సేరతావా? బలవంతం ఏం లే మే. ఊరికే అడిగినా" అన్నాడు. నా మీద నాకే విసుగొచ్చి ఉంది. "గోకులాష్టమి లోపల పేజీ తెరవకపోతే నేనే వచ్చి చేరతాను, పో" అన్నాను.

అన్న తర్వాత భయం పట్టుకుంది. అట్టపెట్టెలకు టేపు అంటించే పనిలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మా ఆయన చేసేది ఆ గోడౌన్‌లోనే కదా. కానీ అక్కడ చేరితే నేను మళ్లీ సూది పట్టనని నాకు తెలుసు. నాయన కప్పినట్టే నేనూ మెషిన్ మీద గుడ్డ కప్పేస్తాను. ఆ తర్వాత ఎవరైనా అడిగితే, అప్పట్లో కుట్టేదాన్నిలే అంటాను. 

మా ఆయన నా మాట నమ్మినట్టు లేదు. రెండు రోజుల తర్వాత, నేను పూలు కోయడానికి బయటికి పోయినప్పుడు, మా కృష్ణుడికి ట్రయల్ వేసి ఉన్న ఎర్రబట్టను ఫోటో తీసి తన ఫోన్లో స్టేటస్‌గా పెట్టుకుని డ్యూటీకి పోయాడు. కింద "మా ఇంటావిడ కుట్టింది, కావాల్సినవాళ్లు చెప్పండి" అని రాశాడు. నాకు మధ్యాహ్నానికి గానీ తెలియలేదు. వెంటనే ఫోన్ చేశాను.

"నన్ను అడక్కుండా ఎట్ల పెడ్తావయా? ఉత్తరీయం ఎడంపక్క దిగిపోయుండాది, సూసినావా?"

"ఎవురికీ కనపడలే మే. అందరూ బాగుండాదనే అన్నారు."

"నాకు కనపడతాంది గదా!"

"నువ్వు కొనేదానివి కాదు గదా మే" అని నవ్వి పెట్టేశాడు. ఆ సాయంత్రం ఆయనకు వేడి కాఫీ దక్కలేదు.

మరుసటి రోజు పదకొండు గంటలప్పుడు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. చేతిలో కత్తెర ఉండడంతో స్పీకర్ పెట్టాను. పెద్దావిడ గొంతు.

"అమ్మా, సామి బట్టలు కుట్టేది మీరేనా? మాది సూళ్లూరుపేట. మా పిల్లోడు మీ ఇంటాయన కాడ పని చేస్తాండాడు. ఫోన్లో సూపిచ్చినాడు. ఆ ఎర్రబట్ట నాకు శానా నచ్చిందమ్మా."

సంతోషించాల్సింది పోయి నేను లోపాల జాబితా మొదలుపెట్టాను. "అమ్మా, దాంట్లో ఉత్తరీయం ఎడంపక్క రవంత దిగింది. జరీ అంచు గూడా..."

"నేను అడిగేది అది కాదమ్మా" అని ఆవిడ అడ్డుపడింది. "ఫోటోలో ఉండేది మీ ఇంటి సామి గదా? బొట్టుండాది, తులసి ఉండాది. ఆయన కట్టుకోనుండాడే. అది ఆయనది. మాకు కొత్తది కుట్టియ్యమ్మా, గోకులాష్టమికి."

నేను సరే అన్నానో లేదో కూడా గుర్తులేదు. ఆవిడ కొలతలు పోస్టులో పంపిస్తానని, మా చిరునామా రాసుకుని పెట్టేసింది. ముందు గదిలో నుంచి నాయన లేచి వచ్చాడు. గూటి పక్కన ఉన్న డబ్బా తెరిచి, ఒక్కో బట్టా తీసి చూశాడు.

"ఇవన్నీ సామికి కట్టి తీసినవేనా?"

"కట్టలే నాయనా. ట్రయల్ సూసినా, అంతే. పూలు తీసేసినాక, దీపం పెట్టక ముందు."

ఆయన చేతిలో ఉన్న పంచెను డబ్బా మీద పెట్టాడు. "దీపం పెట్టకపోతే ఆయన సామి కాకుండా పోతాడా అమ్మణ్ణీ?"

 ఒక సామికి కట్టి తీసిన బట్ట ఇంకో సామికి పనికిరాదు. అది ప్రసాదం అయిపోతుంది. మనిషి భుజం మీద కప్పుకోవచ్చు గానీ ఇంకో దేవుడికి కట్టరు. ఈ సంగతి మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అంగడిలో ఎంతమందికి నేనే చెప్పానో! అలాంటిది, ఆరు నెలలుగా అమ్మాలనుకున్న ప్రతి బట్టనూ, అమ్మడానికి పనికొస్తుందో లేదో చూడడం కోసమే, అమ్మడానికి పనికిరాకుండా చేసుకున్నాను. అంచు ఒక పోగు జరిగిందా అని చూసిన కళ్లకు ఇంత పెద్ద విషయం కనిపించలేదు.

నాయనకు నవ్వొచ్చింది. మొదట భుజాలు కదిలాయి, తర్వాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "నీకు అంగడి లేదని బాధపడ్తా ఉంటివి. ఆయనకు పెట్టిచ్చినావు గదమ్మా, జవుళి అంగడి!" అమ్మ పోయాక ఆయన అంతలా నవ్వడం నేను చూడలేదు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను కూడా. ఆరు నెలల పని అది.

మూడో రోజుకు సూళ్లూరుపేట నుంచి కవరు వచ్చింది. లోపల రెండు పసుపు దారాలు. ఒకటి నడుము చుట్టుకొలత, ఒకటి నడుము నుంచి పాదాల దాకా. కొలత దగ్గర ముడి వేసి ఉంది. ఫోన్ చేసి టేపుతో కొలిచి చెప్పమని అడిగాను. "టేపు కొనకు ఇనపముక్క ఉండాది గదమ్మా. సామికి తగిలిచ్చేదానికి మనసు రాలేదు" అంది ఆవిడ. ఆ సామి సంగతులు కూడా చెప్పింది. వాళ్ల అత్తగారి నాటి విగ్రహం. చేతిలో వెన్నముద్ద పెట్టుకుని నిలబడి ఉంటాడు. చింతపండు పెట్టి తోమీ తోమీ ముక్కు అరిగిపోయింది. దగ్గర్లోని కేంద్రం నుంచి రాకెట్టు పైకి పోయినప్పుడల్లా ఇల్లు అదిరి, రవంత పక్కకు తిరుగుతాడట. "నడుము కాడ గెట్టిగా నిలిచేటట్టు కుట్టు. లేకుంటే రాకెట్టు పోయిందంటే పంచె జారిపోతాది" అంది.

ఆ రెండు దారాలు బల్ల మీద పెట్టుకుని ఒక పూటంతా చూస్తూ కూర్చున్నాను. ముడి లోపలికి కొలవాలా, బయటికి కొలవాలా? నడుమంటే బొడ్డు పైనా, కిందా? దారం లాగి పట్టి కొలిచిందా, వదులుగా కొలిచిందా? కట్టి చూడడానికి లేదు. మా కృష్ణుడిని ముట్టుకుంటే ఇరవై నాలుగోది ఆయనకు చేరుతుంది. చివరికి నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. బజారుకు పోయి, పూజ చేయని కొత్త విగ్రహం ఒకటి ఆ కొలతకు వెతికి కొనుక్కొచ్చి, దానికి కట్టి చూస్తే సరి. చెప్పులు వేసుకుంటుంటే నాయన అడిగాడు. చెప్పాను.

"ముక్కు అరిగిపోయిన సామి నీకు యాడ దొరుకుతాడు?" అన్నాడు. నేను చెప్పులు విప్పేశాను.

"కొలతకు ఒక అంగుళం జాస్తి వదులు. లోపలికి మడిచి, తెంపేదానికి వచ్చేటట్టు కుట్టు" అన్నాడు ఆయన. "తగ్గితే ఏం చేసేదానికి లేదు. జాస్తి అయితే ఆమె మడుచుకుంటాది."

ఈ మాట అంటున్నది మా నాయనేనా అనిపించింది. "కొలతకు సరిగ్గా ఉండొద్దా?" అన్నాను, కొంచెం కోపంగానే.

"సరిగ్గా అనేది నువ్వు ఈడ కూర్చోని చెప్పలేవు గదమ్మా. అది ఆ సామి ఒంటి మీద తెలస్తాది."

ఆ రోజు ఎర్రబట్ట కత్తిరించాను. కుచ్చిళ్లు పెట్టాను. జరీ అంచు కుట్టి, నాయన చెప్పినట్టే ఒక అంగుళం లోపలికి మడిచాను. పూర్తయ్యాక అలవాటు కొద్దీ వెలుగుకు ఎత్తి పట్టాను. మూడో కుచ్చిలి దగ్గర నాకు ఏదో అనుమానం. చేయి సూది మీదికి పోయింది. నాయన వైపు చూశాను. ఆయన "ఇప్పు" అనలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కావాలనే తిరిగాడని నాకు తెలుసు. బట్టను మడిచి, కవర్లో పెట్టి, అంటించేశాను.

పోస్టాఫీసులో తూకం వేసే అమ్మాయికి ఇచ్చాక కూడా, "ఒక్క నిమిషం, మళ్లీ ఇస్తారా" అని చెయ్యి చాపాను. "ఏం మేడం, అడ్రసు తప్పా?" అంది ఆ అమ్మాయి. తప్పు కాదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ పార్సిల్ ఆమె వెనకాల బుట్టలో పడింది. ఆ తర్వాత నాలుగు రోజులు నేను మనిషిలా లేను. చారులో ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆయన కిక్కురుమనకుండా తిన్నాడు.

గోకులాష్టమి రోజు వాకిలి నుంచి పూజగూడు దాకా బియ్యప్పిండితో చిన్న చిన్న పాదాలు వేస్తున్నాను. కృష్ణుడు ఇంట్లోకి నడిచి వచ్చినట్టు. మా ఆయనకు ఆ రోజు సెలవు. గోడౌన్ మాట ఎత్తకుండా మురుకులు నములుతూ కూర్చున్నాడు. నేను పెట్టిన గడువు ఆ రోజేనని ఇద్దరికీ తెలుసు. నేను ఇంకా బటన్ నొక్కలేదు. సూళ్లూరుపేట నుంచి మాట వస్తే గానీ నొక్కలేనని నాకు అర్థమైపోయింది. సగం పాదాలు వేసేసరికి ఫోన్ మోగింది. చేతులకు పిండి. మా ఆయనే ఎత్తి స్పీకర్ పెట్టి నా ముందు నేల మీద ఉంచాడు.

"అమ్మా, బట్ట వచ్చింది. పొద్దున్నే కట్టినాను."

"సరిపోయిందా అమ్మా?"

"లేదు మా. పొడుగైంది. సామి కాళ్లు కనపడలేదు."

నేను అక్కడే కూలబడ్డాను. వేసిన పాదాల్లో రెండు నా చీర కింద చెరిగిపోయాయి. ఇదే, నేను ఆరు నెలలుగా భయపడింది ఇదే. "మడత విప్పి ఉంటారేమో అమ్మా, లోపల అంగుళం... కాదులే, తిరిగి పంపించండి. ఇంకోటి కుట్టి ఈ రోజే పంపిస్తా. ఇది ఊరికే..." ఏమేమో అంటున్నాను.

"ఎందుకమ్మా?" అంది ఆవిడ, నిజంగానే అర్థం కానట్టు. "మడిచి కట్టినాలే. మడిస్తే సక్కగా ఉండాడు. బిడ్డ గదా మా. పెరగతాడు."

మనవడికి బట్టలు కొన్నప్పుడు అన్నట్టే అంది. మాటలో వేళాకోళం లేదు, నన్ను ఓదార్చడమూ లేదు. పక్కింటామెకు కూడా కావాలంటోందని, ఆమెది వేంకటేశ్వరస్వామి అని, దారం పంపిస్తానని చెప్పి పెట్టేసింది.

 బిడ్డ గదా, పెరగతాడు. ఆ మాట నేను ఎక్కడో విన్నాను. చిత్తూరులో మా అంగడి ముందు నిలబడి, పావడ కాళ్లకు తగులుకుంటోందని నేను ఏడుస్తుంటే, మా అమ్మ అచ్చం ఆ మాటే అనేది. పెరిగే బిడ్డవి గదమ్మా. నేను దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. ఊరందరికీ కొలత పోగు తప్పకుండా కుట్టిన మనిషి, నాకు ఒక్కదానికే ఎందుకు అంత పొడుగు కుట్టాడో నలభై ఆరేళ్లు వచ్చినా ఆలోచించలేదు.

మంచం మీద నాయన మా మాటలన్నీ విన్నాడు. "నాయనా, నా పావడలు అంత పొడుగు ఎందుకు కుడ్తా ఉంటివి?" అని అడిగాను.

ఆయన వణుకుతున్న చేతులు ఒళ్లో పెట్టుకుని, ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "నువ్వు యాడ దాకా పెరగతావో నాకేం తెలుసు అమ్మణ్ణీ?" అన్నాడు.

నేను పైటతో మొహం కప్పుకుని ఏడ్చాను. మా ఆయన మురుకుల గిన్నె పక్కన పెట్టి, ఏం చేయాలో తెలియక ఫ్యాన్ స్పీడు పెంచాడు. బియ్యప్పిండి అంతా ఎగిరింది.

ఆ మధ్యాహ్నమే పేజీ తెరిచాను. మా కృష్ణుడివి ఇరవై మూడు బట్టల ఫోటోలూ పెట్టేశాను. లుంగీ కనబడేది కూడా. కింద రాయడానికి ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. "ఇవన్నీ మా ఇంటి సామివి. మీ సామికి కొత్తగా కుట్టి పంపిస్తాను. పట్టు కాదు, కానీ మెరుస్తుంది. కొలత దారంతో పంపినా చాలు. లోపల ఒక అంగుళం మడత వదిలి కుడతాను, మీ సామికి తగ్గట్టు విప్పుకోండి, లేకపోతే మడుచుకోండి." వేళ్లకు పిండి ఉండి బటన్ మొదటిసారి పడలేదు. కొంగుకు తుడుచుకుని మళ్లీ నొక్కాను. మా ఆయన బయటికి పోయి గోడౌన్‌కు ఫోన్ చేసి, "మా ఇంటావిడ రాదులే అప్పా, ఆమెకు పనుండాది" అని చెప్పడం కిటికీలోంచి వినపడింది.

వారం లోపల రెండో దారం వచ్చింది, సూళ్లూరుపేట పక్కింటామెది. పంచె కుట్టడం పూర్తిచేసి, కింద అంగుళం మడత పెట్టబోతుంటే నాయన మంచం దిగి వచ్చి మెషిన్ పక్కన నిలబడ్డాడు. 

"ఆ మడత లోపలికే గదా ఉండేది. బయటికి కనపడదు గదా" అన్నాడు.

"కనపడదు నాయనా."

"ఇట్లియ్యి. అది నేను కుడ్తా."

స్టూలు ఖాళీ చేశాను. ఆయన కూర్చుని, పాదం పెడల్ మీద పెట్టి, రెండు చేతులతో బట్టను అదిమి పట్టుకున్నాడు. మెషిన్ కదిలింది. మూడేళ్ల తర్వాత ఆయన కాలి కింద అది నడిచే చప్పుడు విన్నాను. నేను నడిపేటప్పుడు అలా మోగదు. మూరెడు బట్ట కుట్టడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. దారం తెంపి, బట్టను వెలుగుకు ఎత్తి పట్టి, తను చూసుకోకుండా నాకు చూపించాడు. కుట్టు ఒకచోట పైకి పోయి, ఒకచోట కిందికి దిగి, చివరన రెండు కుట్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"ఇప్పాల్నా?" అని అడిగాడు.

"వద్దు నాయనా" అన్నాను. బట్టను ఆయన చేతిలోంచి తీసుకుని, మడిచి, కవర్లో పెట్టాను.